చూసేవాళ్లు లేక కాదు, లీగ్ ఒకచోట నిలబడక

"ఆడవాళ్ల సాఫ్ట్‌బాల్‌ని టికెట్టు కొనుక్కుని మరీ ఎవరు చూస్తారండీ?" అని ఇక్కడ అమెరికాలో పొట్లక్‌లో ప్లేటు పట్టుకుని నవ్వే బావగార్లందరికీ కలిపి ఒకేసారి సమాధానం రాసేస్తున్నా. సాఫ్ట్‌బాల్ అంటే బేస్‌బాల్ లాంటిదే, బంతిని చెయ్యి కింది నుంచి వేసే ఆట. కాస్త పొడుగే. ఓపిక లేనివాళ్లు ఇక్కడే దిగిపోవచ్చు.

చూస్తారు. బాగానే చూస్తారు. 2025 జూన్ 6న ఓక్లహోమా సిటీలో కాలేజీ అమ్మాయిల వరల్డ్ సిరీస్ ఆఖరి మ్యాచ్ జరిగింది, టెక్సస్‌కీ టెక్సస్ టెక్‌కీ మధ్య. టీవీలో చూసినవాళ్లే 20 లక్షలు దాటారు. ఆ మరుసటి రోజే, అంటే జూన్ 7న, అమెరికాలో కొత్త ప్రొఫెషనల్ లీగ్ మొదలైంది. అథ్లెట్స్ అన్‌లిమిటెడ్ సాఫ్ట్‌బాల్ లీగ్, పొట్టిగా ఏయూఎస్ఎల్. ఆట అదే, బంతి అదే, ఆడేది అంతకంటే ఇంకా బాగా ఆడే అమ్మాయిలు. కానీ శుక్రవారం రాత్రి టీవీకి అతుక్కుపోయినవాళ్లలో ఎంతమందికి శనివారం ఈ లీగ్ మొదలైందని తెలుసు? మా వీధిలో సాఫ్ట్‌బాల్ ఆడే పిల్లలున్న ఇళ్లలోనే సగం మందికి తెలియదు. తప్పు చూసేవాళ్లదా మరి?

అలాగని లీగ్ నడిపేవాళ్లు అల్లాటప్పా మనుషులేం కాదు. కమిషనర్ కిమ్ ఎంగ్. 2020లో మయామీ మార్లిన్స్‌కి జనరల్ మేనేజర్ అయి, మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో ఆ కుర్చీలో కూర్చున్న మొదటి మహిళ ఆవిడే. సీజన్ మొదలవడానికి వారం పది రోజుల ముందు ఆ మేజర్ లీగ్ బేస్‌బాలే వచ్చి పెట్టుబడి పెట్టింది. క్రీడల టీవీ ఛానల్ ఈఎస్‌పీఎన్ మ్యాచ్‌లు చూపించింది. జట్లని కూర్చే జనరల్ మేనేజర్లలో క్యాట్ ఆస్టర్మన్, లీసా ఫెర్నాండెజ్ లాంటి ఒలింపిక్ దిగ్గజాలున్నారు. మరి ఇంత పెట్టుకుని చేసిందేమిటయ్యా అంటే, బాండిట్స్, బ్లేజ్, టాలన్స్, వోల్ట్స్ అని నాలుగు జట్లు పెట్టి, ఒక్కదానికీ ఊరు లేకుండా చేశారు. నాలుగూ మూటాముల్లె సర్దుకుని రోజ్‌మాంట్, విచిటా అంటూ ఊరూరా తిరిగి తలా 24 మ్యాచ్‌లు ఆడాయి.

నాకు ఒళ్లు మండింది సరిగ్గా ఇక్కడే. చికాగో బాండిట్స్ అని ఒక జట్టు ఉండేది, పాత లీగ్‌లో. పేరున్న పిచర్ జెన్నీ ఫించ్ ఆడిన జట్టు. ఓహేర్ విమానాశ్రయం పక్కనే ఉన్న రోజ్‌మాంట్‌లో 2011లో స్టేడియం కట్టింది ఆ జట్టు కోసమే. ఇప్పుడు కొత్త లీగ్‌లో బాండిట్స్ అన్న పేరు ఉంది, మొదటి మ్యాచ్ ఆడిందీ అదే రోజ్‌మాంట్‌లోనే, చూడ్డానికి వచ్చినవాళ్లూ చికాగో చుట్టుపక్కలవాళ్లే, చొక్కా మీద మాత్రం 'చికాగో' లేదు! ఎందుకంటే మన జట్టు కాదుట, అందరి జట్టుట. మా పాపకి ఏ జట్టు టోపీ కొనాలో తేలక స్టాల్ ముందు నిలబడిపోయాం. చివరికి దానికి రంగు నచ్చిన టోపీ కొన్నాం. అభిమానం అనేది అలా పుడుతుందా ఎక్కడైనా?

ఆట సంగతి మాత్రం వంక పెట్టడానికి లేదు. టీవీలో ఎన్నిసార్లు చూసినా రాని అనుభవం అది. బంతి వేసే పిచర్‌కీ బ్యాటర్‌కీ మధ్య దూరం 43 అడుగులే (బేస్‌బాల్‌లో 60 అడుగుల 6 అంగుళాలు). చెయ్యి గిర్రున తిప్పి నడుం దగ్గర నుంచి వదిలితే గంటకి 70 మైళ్ల పైచిలుకు వేగంతో వచ్చే బంతి అర సెకను కూడా ఇవ్వదు. థర్డ్ బేస్‌లో నిలబడే అమ్మాయి బంట్ (బంతిని మెల్లగా తట్టి దగ్గర్లోనే పడెయ్యడం) వస్తుందేమోనని బ్యాటర్ మీదకి జరిగి జరిగి, ముఖానికి మాస్క్ పెట్టుకుని, ఎంత దగ్గరగా నిలబడుతుందంటే చూసే మనకి టెన్షన్. పైకి లేస్తున్నట్టు వచ్చే రైజ్ బాల్ పడ్డప్పుడైతే బ్యాటర్ కళ్లు ఛాతీ దగ్గరికి పోతాయి, బ్యాటు మాత్రం నడుం దగ్గరే ఊగిపోతుంది. ఎడమచేతి స్లాపర్లు (పరిగెడుతూనే బంతిని తట్టే బ్యాటర్లు) కొట్టీ కొట్టకముందే పరుగు మొదలెట్టేస్తారు, షార్ట్‌స్టాప్‌లో ఉన్న ఫీల్డర్ బంతి ఏరుకుని విసిరేలోపు బేస్ మీద ఉంటారు. ఏడు ఇన్నింగ్స్, దాదాపు రెండు గంటల్లో అయిపోతుంది. సాగతీత లేదు. మా ఆయన లాంటి క్రికెట్ భక్తుడే ఫోను జేబులోంచి తియ్యలేదు.

ఇంత మంచి ఆటకి ఏనాడూ ఒక ఇల్లు నిలవలేదు. 1976లో టెన్నిస్ స్టార్ బిల్లీ జీన్ కింగ్, సాఫ్ట్‌బాల్ పిచర్ జోన్ జాయిస్ కలిసి లీగ్ పెట్టారు, నాలుగేళ్లు కూడా దాటలేదు, నాలుగు సీజన్లూ కనెటికట్ ఫాల్కన్స్ గెలిచి, మూతపడింది. 1997లో ఇంకోటి, 2001 వరకు. 2004లో నేషనల్ ప్రో ఫాస్ట్‌పిచ్ (పైన చెప్పిన చికాగో బాండిట్స్ ఆడిన పాత లీగ్ ఇదే), అది 2021లో అధికారికంగా దుకాణం కట్టేసింది. ఆ మధ్యలో 2016లో పిచర్ మోనికా ఆబట్‌కి ఆరేళ్లకి పది లక్షల డాలర్ల కాంట్రాక్ట్ అని పెద్ద వార్త వచ్చింది. లోపల చూస్తే ఏడాదికి ఖాయం జీతం 20 వేలు, మిగతాదంతా స్టేడియానికి వచ్చే జనాన్ని బట్టి బోనస్! గంటకి 77 మైళ్ల వేగంతో బంతి వేసి గిన్నెస్‌కెక్కిన మనిషి, పిచింగ్ చెయ్యడంతోపాటు జనాన్ని కూడా తనే రప్పించుకోవాలన్నమాట. క్లబ్బులు అంత గీచిగీచి బతికేవి, జట్టు మొత్తం జీతాలకే ఒక పరిమితి ఉండేది, తప్పు ఏ ఒక్కరిదీ అనలేం. కానీ ఈ లెక్కన ఎవరు నిలబడతారు?

ఒలింపిక్స్‌దీ అదే వరస. 1996లో చేర్చారు, 2008 తర్వాత తీసేశారు, టోక్యోకి తెచ్చారు, పారిస్‌కి తీసేశారు, 2028కి మళ్లీ తెస్తున్నారు. అదీ లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్ అంటూనే సాఫ్ట్‌బాల్‌ని ఓక్లహోమా సిటీలో పెట్టారు, పెద్ద సాఫ్ట్‌బాల్ స్టేడియం అక్కడుంది కాబట్టి. సరే, దాని గురించి నాకు పెద్ద ఫిర్యాదు లేదు, ఆ ఊరివాళ్లకి ఆట మీద ఉన్న పిచ్చి చూస్తే న్యాయమే అనిపిస్తుంది.

ఇప్పుడు జీతాల దగ్గరికి వద్దాం. ఏయూఎస్ఎల్‌లో సగటున 45 వేల డాలర్లు, బోనస్‌లన్నీ కలిస్తే 75 వేల దాకా అని చెప్పారు. రెండు నెలలు కూడా లేని సీజన్‌కి పాత లీగ్‌తో పోలిస్తే గౌరవంగానే ఉంది. కానీ అటువైపు చూడండి, నిజరీ కానడీ అనే పిచర్ 2024లో స్టాన్‌ఫర్డ్ నుంచి టెక్సస్ టెక్‌కి వెళ్లినప్పుడు ఒక్క ఏడాదికి పది లక్షల డాలర్లకు పైగా ఒప్పందం (ఆమె పేరు ప్రచారానికి వాడుకోనిచ్చినందుకు). అంటే పెద్ద పేరున్న పిల్లకి కాలేజీలో ఉన్నంతకాలం లక్షలు, పట్టా చేతికొచ్చి ప్రొఫెషనల్ అవ్వగానే వేలు. ఏ ఆటలోనైనా మెట్లు ఎక్కేకొద్దీ జీతం పెరుగుతుంది, ఇక్కడ దిగుతుంది. మిగతా పది నెలలూ చాలామంది కాలేజీ జట్లకి కోచింగ్ ఇచ్చుకుంటూ, శిక్షణ శిబిరాలు నడుపుకుంటూ గడుపుతారు. జపాన్‌లో కంపెనీలే జట్లు నడుపుతాయి. ఆబట్ కూడా ఏళ్ల తరబడి టొయోటా జట్టుకి ఆడింది. పదమూడేళ్ల తేడాతో రెండు ఒలింపిక్ ఫైనల్స్‌లో అమెరికాని జపాన్ ఓడించిందంటే దాని వెనక ఈ నిలకడ ఉందని నేను గట్టిగా నమ్ముతా.

ఇది మన తెలుగువాళ్లకి ఎందుకంటారా? ఈ సబర్బ్‌లలో ట్రావెల్ బాల్ (ఊరూరా తిరిగి టోర్నమెంట్లు ఆడే పిల్లల జట్లు) ఆడించే తెలుగు తల్లిదండ్రులు ఇప్పుడు తక్కువేం లేరు. వారాంతాలన్నీ టోర్నమెంట్లు, హోటళ్లు, పిచింగ్ కోచ్, మూడొందల డాలర్ల బ్యాటు. అంతా కాలేజీ స్కాలర్‌షిప్ ఆశ మీదే. "ఆ తర్వాత ఏంటమ్మా?" అని పిల్ల అడిగితే చూపించడానికి ఒకటి ఉండాలి కదా. ఇండియాలో మాత్రం తక్కువ తిన్నామా, ఆడవాళ్ల క్రికెట్ లీగ్ డబ్ల్యూపీఎల్ 2023లో మొదలైతే ఐదు జట్లలో హైదరాబాద్ లేదు, విశాఖ లేదు. కడప జిల్లా నుంచి శ్రీచరణి వెళ్లి 2025లో ప్రపంచకప్ గెలిచి వచ్చింది, తన ఊరివాళ్లు మాత్రం ఆమెని ఢిల్లీ జట్టు చొక్కాలో చూసుకోవాలి.

మొదటి సీజన్ ఫైనల్ టస్కలూసాలో, అలబామా యూనివర్సిటీ మైదానంలో జరిగింది. టాలన్స్ వరసగా రెండు మ్యాచ్‌లూ గెలిచి బాండిట్స్‌ని ఇంటికి పంపారు. విచిత్రం ఏంటంటే టాలన్స్ పిచర్లలో మాంటనా ఫౌట్స్ అదే అలబామా తరఫున, అదే మైదానంలో పేరు తెచ్చుకున్న అమ్మాయి. సీజన్ మొత్తంలో 'మన ఊరి పిల్ల' అనుకునే వీలు అలా యాదృచ్ఛికంగా దొరికిందే తప్ప లీగ్ ప్లాన్ చేసి ఇచ్చింది కాదు.

2026కి బుద్ధి తెచ్చుకున్నారు. ఆరు జట్లు, ఆరింటికీ పేరులోనే చిరునామా: చికాగో బాండిట్స్, యూటా టాలన్స్, టెక్సస్ వోల్ట్స్, కరొలైనా బ్లేజ్, కొత్తగా ఓక్లహోమా సిటీ స్పార్క్, పోర్ట్‌లాండ్ కాస్కేడ్. సంతోషం. కాకపోతే నాకు పూర్తిగా నమ్మకం కుదరలేదు. ఒలింపిక్స్ దగ్గరపడుతుంటే పెట్టుబడి పెట్టడం తేలికే. 2028 హడావిడి అంతా అయిపోయి, కెమెరాలు సర్దుకుని వెళ్లిపోయాక, 2029 జూన్‌లో ఇదే పేరుతో, ఇదే రోజ్‌మాంట్‌లో ఈ బాండిట్స్ ఆడుతుంటే అప్పుడు నమ్ముతా. ఆ బావగార్లు కూడా జనం లెక్క అప్పుడు అడగండి, ఇప్పుడు కాదు.