వంద ఎంబీపీఎస్ ఉన్నా కాల్ ఎందుకు బిగుసుకుంటోంది?

రాత్రి తొమ్మిదిన్నరకు డల్లాస్‌లో ఉన్న మా అమ్మాయితో మాట్లాడతాం. తనకు అప్పుడు పొద్దున. "నాన్నా, వినపడుతోందా?" అని అడిగేలోపే బొమ్మ బిగుసుకుపోయేది. నేను కడుతున్నది 100 ఎంబీపీఎస్ ప్లాన్‌కి. ఫిర్యాదు చేస్తే స్పీడ్ టెస్ట్ చేయమన్నారు. చేశాను, 96 వచ్చింది. "లైన్ బాగానే ఉంది సర్" అని ఫిర్యాదు మూసేశారు. వాళ్లు చెప్పింది నిజమే. కానీ కొలవాల్సింది అది కాదు.

కాల్ ఆగిపోతున్న సమయంలో పక్క గదిలో మా అబ్బాయి ఫోన్ పెళ్లి ఫొటోలన్నీ క్లౌడ్‌లోకి ఎక్కిస్తోంది. మా ప్లాన్‌లో అప్‌లోడ్ 10 ఎంబీపీఎస్ మాత్రమే. ఫోన్ పంపే డేటా అంతకన్నా వేగంగా వస్తుంటే, రౌటర్ దాన్ని బఫర్ అనే తన తాత్కాలిక మెమరీలో దాచుకుని వరసలో నిలబెడుతుంది. ఒక్క మెగాబైట్ బఫర్ నిండిందనుకోండి, 10 ఎంబీపీఎస్ మీద అది ఖాళీ కావడానికి 0.8 సెకను పడుతుంది. నా గొంతును మోసే చిన్న ప్యాకెట్ (డేటా ముక్క) కూడా ఆ ఫొటోలన్నిటి వెనక నిలబడాల్సిందే. లైన్ ఖాళీగా ఉన్నప్పుడు పింగ్, అంటే ఒక ప్యాకెట్ వెళ్లి జవాబు తిరిగొచ్చే సమయం, 8 మిల్లీసెకన్లు చూపించింది. ఫొటోలు ఎక్కుతుండగా 700 దాటింది. స్పీడ్ టెస్ట్‌లో పెద్దక్షరాలతో కనిపించే అంకె ఈ ఆలస్యం గురించి ఏమీ చెప్పదు.

ఈ జబ్బుకు బఫర్‌బ్లోట్ అని పేరు పెట్టింది అమెరికన్ కంప్యూటర్ నిపుణుడు జిమ్ గెటిస్. 2010 ప్రాంతంలో ఆయన తన ఇంటి కనెక్షన్‌లోనే దీన్ని పట్టుకున్నారు. మెమరీ చవకైపోయి, తయారీదారులు బఫర్లను పెంచుకుంటూ పోయారు. ప్యాకెట్ పోకూడదన్నది వాళ్ల ఉద్దేశం. కానీ ప్యాకెట్ పోతేనే పంపేవాడికి దారి నిండిందని తెలుస్తుంది. 1986లో అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ల్యాబ్‌కీ బర్క్‌లీ విశ్వవిద్యాలయానికీ మధ్య లైన్ 32 కేబీపీఎస్ నుంచి సెకనుకు 40 బిట్లకు పడిపోయినప్పుడు, ఆ ల్యాబ్ పరిశోధకుడు వాన్ జాకబ్సన్ దీని మీదే పనిచేసి, పంపేవాడు తనంతట తాను తగ్గే పద్ధతిని రూపొందించారు. 2012లో కేథలీన్ నికోల్స్‌తో కలిసి ఆయనే కోడెల్ అనే, రౌటర్లో వరసను అదుపు చేసే పద్ధతిని తెచ్చారు. వరస ఎంత పొడుగుందని అది చూడదు, ప్యాకెట్ ఎంతసేపు నిలబడిందో చూస్తుంది. నిరీక్షణ 5 మిల్లీసెకన్ల పైనే కొనసాగుతుంటే ప్యాకెట్లను పారేయడం మొదలుపెడుతుంది. దాని మీద కట్టిన ఎఫ్‌క్యూ-కోడెల్ అయితే ఒక్కో ప్రవాహానికి (ఒక కాల్, ఒక అప్‌లోడ్ లాంటివి) ఒక్కో వరస పెట్టి వంతులవారీగా పంపుతుంది. లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఇది 2012 నుంచీ ఉచితంగా ఉంది.

ఇల్లు దాటితే వీధిది ఇంకో లెక్క. మన దగ్గర ఇళ్లకు వచ్చే ఫైబర్‌లో బాగా వాడుకలో ఉన్నది జీపాన్ అనే పద్ధతి, అంటే ఒకే ఫైబర్‌ను చాలా ఇళ్లు పంచుకోవడం. ఓఎల్‌టీ అనే ఆపరేటర్ వైపు యంత్రం పోర్టు నుంచి బయల్దేరిన ఒక్క ఫైబర్ స్ప్లిటర్ల దగ్గర చీలి 32 ఇళ్లకో 64 ఇళ్లకో వెళ్తుంది. ఆ ఇళ్లన్నీ కలిపి వాడుకోగలిగేది డౌన్‌లోడ్‌కు సుమారు 2.5 గిగాబిట్లు, అప్‌లోడ్‌కు 1.25. 64 ఇళ్లకు 100 చొప్పున అమ్మితే 6.4 గిగాబిట్లు అమ్మినట్టు. దీన్ని నేను మోసం అనను. అందరూ ఒకే క్షణంలో వాడరు కాబట్టే బిల్లు మనకు అందుబాటులో ఉంది. అప్‌లోడ్‌లో అయితే ఓఎల్‌టీ ప్రతి ఇంటి బాక్సునూ ఎంత డేటా ఉందో అడిగి, కాలువ మీద నీళ్లు పంచే లస్కరులా వంతు కేటాయిస్తుంది.

తరచుగా ఇరుకయ్యేది ఆ పైన, ఓఎల్‌టీ నుంచి ఇంటర్నెట్ వైపు ఆపరేటర్ కొనుక్కున్న లింకు. కనెక్షన్లు పెరుగుతాయి, లింకు పెరగదు. రాత్రి ఎనిమిది నుంచి పదకొండు దాకా చివరి ఆయకట్టుకు నీళ్లు రానట్టే ఉంటుంది. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2009లోనే ఇంటి కనెక్షన్లకు 1:50కి మించి, అంటే ఒకరి వాటాను యాభై మందికి మించి, పంచుకోకూడదని మార్గదర్శకాలిచ్చింది. అప్పటికి బ్రాడ్‌బ్యాండ్ అంటే 256 కేబీపీఎస్. 2023లో ఆ నిర్వచనం 2 ఎంబీపీఎస్ అయింది. 2024 అక్టోబర్ 1 నుంచి కొత్త సేవానాణ్యత నిబంధనలు వచ్చాయి, వాటిలో ఆలస్యానికీ ప్యాకెట్ నష్టానికీ హద్దులున్నాయి. ఇది మంచి అడుగు. అయితే ఆలస్యాన్ని లైన్ నిండుగా ఉన్నప్పుడు, ఆ రద్దీ గంటల్లోనే కొలవాలి. తెల్లవారుజాము మూడింటి అంకెలు కలిపి తీసే సగటుతో నా కాల్‌కు ఒరిగేదేమీ లేదు.

వీడియో కాల్స్‌కు ప్రాధాన్యం ఇస్తే పోదా అని కొందరంటారు. నాకు భయం వేస్తుంది. ఏ యాప్ ముందు, ఏది వెనక అని ఆపరేటర్ నిర్ణయించడం మొదలుపెడితే, 2016లో వివక్షాపూరిత డేటా ధరలను ట్రాయ్ నిషేధించినప్పుడు, 2018లో నెట్ న్యూట్రాలిటీని, అంటే ఇంటర్నెట్‌లో అన్ని డేటానూ సమానంగా చూడాలన్న సూత్రాన్ని, కేంద్రం ఆమోదించినప్పుడు మనం సాధించుకున్నది చేజారిపోతుంది. ఎఫ్‌క్యూ-కోడెల్‌కు ఆ ప్యాకెట్ ఏ కంపెనీదో తెలియాల్సిన పని లేదు. తక్కువ పంపేవాడు ఎక్కువ పంపేవాడి వెనక ఇరుక్కోకుండా చూస్తుంది, అంతే.

నేను మా ఇంట్లో ఎఫ్‌క్యూ-కోడెల్ ఉన్న రౌటర్ పెట్టి, వరస ఆపరేటర్ బాక్సులో కాకుండా అక్కడే ఆగేలా అప్‌లోడ్‌ను 9 ఎంబీపీఎస్‌కు కట్టేశాను. ఫొటోలు ఎక్కుతున్నా పింగ్ 25 దాటడం లేదు. స్పీడ్ టెస్ట్ అంకె కాస్త తగ్గింది, అమ్మాయి మాట మాత్రం తెగడం లేదు. మా అత్తయ్య ఇంట్లో కూడా అలాగే చేద్దామని వెళ్లాను. అక్కడ విడిగా రౌటర్ లేదు, ఆపరేటర్ ఇచ్చిన బాక్సే అన్నీ చేస్తుంది, దాని పాస్‌వర్డ్ ఆపరేటర్ దగ్గరే ఉంది. అమెరికాలో ఉన్న మనవడితో ఆమె ఇప్పటికీ మామూలు ఫోన్ కాల్‌లోనే మాట్లాడుతోంది.