ఇమ్యునోథెరపీ ఎవరికి పనిచేస్తుందో ముందే ఎందుకు చెప్పలేకపోతున్నారు?

మా బాబాయి జీవితంలో చుక్క మందు ముట్టలేదు. షుగర్ ఉంది, కాస్త పొట్ట ఉంది. ఐదేళ్ల కిందటి స్కాన్ రిపోర్టులో గ్రేడ్ 2 ఫ్యాటీ లివర్ అని స్పష్టంగా రాసి ఉంది, ఆ కాగితం మొన్న బీరువాలో చీరల కింద దొరికింది. అప్పుడు చూసిన డాక్టరు నూనె తగ్గించమని పంపేశారు, అంతే. ఇప్పుడు లివర్ క్యాన్సర్.

ఇమ్యునోథెరపీ, అంటే ఒంట్లోని రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదికి ఉసిగొల్పే చికిత్స, ఉందనగానే ఇంట్లో అందరికీ ప్రాణం లేచొచ్చింది. అటెజోలిజుమాబ్, బెవాసిజుమాబ్ రెండూ కలిపి మూడు వారాలకోసారి ఎక్కిస్తారు. పిన్ని ఆ సాయంత్రమే పొలం కాగితాలు బయటికి తీసింది. మందు మంచిదే, కాదనను. 2020లో వచ్చిన ఐఎంబ్రేవ్150 ట్రయల్లో పాత సొరాఫెనిబ్ మాత్రలు వాడినవాళ్లలో ఏడాదికి నూటికి 55 మంది బతికుంటే, ఈ జంట మందులు వాడినవాళ్లలో 67 మంది ఉన్నారు. పదేళ్లకు పైగా ఆ మాత్రే దిక్కైన జబ్బుకి ఇది చాలా పెద్ద మాట. కానీ అదే ట్రయల్లో గడ్డ బాగా తగ్గింది నూటికి 27 మందికే. పొలం అమ్మే ముందు ఈ ముక్క మాకెవరూ చెప్పలేదు, అదే నా బాధ.

మరి మిగతావాళ్లకి ఎందుకు తగ్గలేదు? 2021లో హైడెల్‌బర్గ్‌లోని జర్మన్ క్యాన్సర్ పరిశోధన కేంద్రం వాళ్లు, ఇంకా చాలామంది కలిసి చేసిన పరిశోధన చదివి నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. కొవ్వు పట్టి వాచిన లివర్ ఉన్న ఎలుకలకి ఈ రకం మందు ఇస్తే గడ్డలు తగ్గకపోగా పెరిగాయి. క్యాన్సర్‌ని చంపాల్సిన టీ కణాలే, అంటే ఒంటిని కాపాడే రక్షణ కణాలే, లివర్‌ని దెబ్బతీస్తున్నాయన్నమాట. మూడు పెద్ద ట్రయల్స్ కలిపి చూస్తే హెపటైటిస్ బి, సి వల్ల క్యాన్సర్ వచ్చినవాళ్లకి ఆయుష్షు పెరిగింది, వైరస్ లేనివాళ్లకి పెరిగినట్టు తేలలేదు. తర్వాత హిమాలయ ట్రయల్లో వేరే జంట మందులతో వైరస్ లేనివాళ్లకీ మేలు కనిపించింది, కాబట్టి ఫ్యాటీ లివర్ ఉందని దయచేసి ఎవరూ ఈ చికిత్స మానేయకండి.

నేను అడిగేది ఒక్కటే, ముందే తేల్చే పరీక్ష కావాలి. నమ్మదగ్గది ఇప్పటికీ లేదు. దానికొక కారణం కూడా ఉంది: సిర్రోసిస్ (లివర్ మచ్చలు పడి గట్టిపడటం) ఉన్నవాళ్లకి ఈ క్యాన్సర్ చాలాసార్లు స్కాన్‌లోనే తేలిపోతుంది, బయాప్సీ, అంటే గడ్డ నుంచి చిన్న ముక్క తీసి చూడటం, చేయరు. బాబాయికీ చేయలేదు. ముక్క తీయకపోతే పరిశోధకులు దేన్ని చూసి నేర్చుకుంటారు? రిస్క్ లేనివాళ్లని అడిగి, ఒప్పుకుంటే తీసి దాచండి. మమ్మల్ని అడిగుంటే ఒప్పుకునేవాళ్లం.

మంగళవారం మూడో డోసు ఎక్కించారు. నాలుగోది అయ్యాక స్కాన్.