టేపు అంటించిన భద్రత

విజయవాడ ఏలూరు రోడ్డుకి కాస్త లోపలగా ఉన్న ఒక కార్యాలయంలో సైబర్ భద్రత ఏ స్థాయికి చేరిందో లోకానికి చాటక తప్పదు. అక్కడి కంప్యూటర్లన్నీ లైనక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్‌తో నడిచేవి. పాడైన పెన్‌డ్రైవ్ గుచ్చితే చాలు, మిషన్ మొత్తం బిగుసుకుపోతోంది. దీనికి వారు కనిపెట్టిన మందు, యూఎస్‌బీ పోర్టు మీద బ్రౌన్ టేపు. టేపు మీద సంతకం. సంతకం మీద ఆఫీసు ముద్ర.

అసలు జబ్బు వేరు. ఏ ఫైలు ఎక్కడుందో, ఎంతుందో చెప్పే అంకెలు డ్రైవ్‌లోనే రాసి ఉంటాయి. లైనక్స్‌కి గుండెకాయ లాంటి కెర్నెల్‌లో, డ్రైవ్‌లోని ఫైళ్లను చదివే ఫైల్ సిస్టమ్ కోడ్ కొన్నిచోట్ల వాటిని సరిచూడకుండా నమ్మేస్తుంది. బీసెంట్ రోడ్డులో రుమాళ్లమ్మే కుర్రాడు కూడా ఐదొందల నోటును వెలుతురుకు పట్టి చూస్తాడు. ఈ కోడ్‌కి ఆపాటి అనుమానం ఉండదు. తప్పుడు అంకె పట్టుకుని తనది కాని మెమరీలోకి పోయి పడుతుంది. మామూలు ప్రోగ్రామ్ పడితే అదొక్కటే పోతుంది. కెర్నెల్ పడితే సర్వం బంద్.

సవరణ చాలాసార్లు రెండు మూడు లైన్లే. అంకె హద్దులో ఉందేమో చూడు, లేకపోతే ‘ఫైల్ సిస్టమ్ పాడైంది’ అని చెప్పి ఆగు. అంతే. గూగుల్ వాళ్ల సిజ్‌బాట్ అనే తప్పులు వెతికే ఆటోమేటిక్ పరీక్షా యంత్రాంగం కావాలని చెడగొట్టిన డిస్క్ ఇమేజ్‌లను (డ్రైవ్‌కి నకళ్ల లాంటి ఫైళ్లను) కెర్నెల్‌కి తినిపిస్తూ ఇలాంటి లోపాలను బయటకు లాగుతూనే ఉంది. 2024 ఫిబ్రవరి నుంచి కెర్నెల్ బృందమే వీటికి సీవీఈ నంబర్లు, అంటే భద్రతా లోపాలకు లోకమంతా వాడే గుర్తింపు సంఖ్యలు ఇస్తోంది. సవరణలను పాత స్టేబుల్ వెర్షన్లకూ ఎక్కిస్తున్నారు. అంతా ఉచితం. అదే చిక్కేమో, టేపుకైతే బిల్లు పెట్టొచ్చు.

ఆ టేపు ఊడదీసే ఉత్సవం చూసి తరించాలి. ముందు ‘టేపు తొలగింపు రిజిస్టర్’లో ఎంట్రీ. తర్వాత సూపరింటెండెంట్ గారి అనుమతి. ఆయన భోజనానికి వెళ్లారు. వచ్చారు.

“ఎవరిదయ్యా ఈ పెన్‌డ్రైవు?”

“జెరాక్స్ షాపులో వేసిచ్చారండి.”

“వైరస్సేమన్నా ఉందా?”

“ఏమోనండీ, అడగలేదు.”

అటెండర్ బ్లేడుతో టేపు కోసి, పోర్టులోకి ఉఫ్‌మని ఊదుతాడు. గుచ్చుతారు. మిషన్ పడిపోతుంది. అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని, టేపు నాసిరకమని తేలుస్తారు. మిషన్ మళ్లీ లేచి, పాపం, అప్‌డేట్లు సిద్ధంగా ఉన్నాయి, వేయమంటారా అని అడుగుతుంది. ఆపరేటర్ ‘తర్వాత’ నొక్కుతాడు. ఎందుకయ్యా అంటే, “అప్‌డేట్ పెట్టాక ఏదన్నా అయితే ఎవరిది సార్ బాధ్యత?”

ఏదన్నా అయితేనా? మరి రోజూ అవుతున్నదేమిటి?

మొన్న మైలవరం నుంచి పల్లెవెలుగులో వచ్చిన ఒక పెద్దావిడ పెన్షన్ కాగితం కోసం మోకాళ్లు పట్టుకుని అక్కడి బెంచీ మీద కూర్చుంది. మిషన్ పడిపోయింది, టోకెన్ టైమ్ దాటింది, “రేపు రా మామ్మా” అన్నారు. రేపంటే మీకు ఇంకో రోజు జీతం. ఆవిడ్ని చెయ్యి పట్టి తీసుకొచ్చిన కొడుక్కి మాత్రం ఇంకో రోజు కూలి గల్లంతు. ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్లు లోపం వెతికి, సవరణ రాసి, మీ స్క్రీన్ మూల దాకా తెచ్చి పెడితే, ఒక్క బటన్ నొక్కడానికి చేతులు రాలేదు. సంతకానికీ ముద్రకీ మాత్రం వచ్చాయి. సిగ్గుండాలి!