ఆ ‘గోల్డెన్ టిప్స్’ నమ్మి సముద్రంలో దిగకండి బాబూ

ఈ పది రోజుల్లో ఆ మెసేజ్ నాకు ఆరుసార్లు వచ్చింది. మొదట హైదరాబాద్ నుంచి మా బావమరిది పంపాడు. తర్వాత ఇంజనీరింగ్ బ్యాచ్ గ్రూపులో పడింది. ఆఫీసు గ్రూపులో మూడుసార్లు. నిన్న మా అపార్ట్‌మెంట్ గ్రూపులో, పైన "వైజాగ్ వాళ్ళకి స్పెషల్" అని తగిలించి మరీ. "నువ్వు గాలం వేస్తావుగా, చూడు ఎంత బాగా రాశాడో" అని ప్రతివాడూ ఒక మాట. బాగానే రాశాడు. "వీకెండ్ బీచ్ ట్రిప్‌లో సముద్రం చేపలు పడతారా? మొదటిసారి వెళ్ళేవాళ్ళకి 9 గోల్డెన్ టిప్స్" అని పేరు, పాయింటుకో ఎమోజీ, చివర దండం పెట్టే చేతులు. ఎవరు రాశారో తెలీదు. చెరువు గట్టు మీద కూర్చుని రాశారని మాత్రం మొదటి పాయింటుకే తెలిసిపోతుంది.

మొదటి పాయింటు: "ఎరగా గోధుమపిండి ముద్ద గానీ వానపాములు గానీ వాడండి." చెరువులో బొచ్చెకీ రాగండికీ పిండిముద్ద బాగానే పనిచేస్తుంది. ఇక్కడ మొదటి అలకే పిండి కరిగిపోతుంది, మీరు ఖాళీ గాలం పట్టుకుని ధ్యానం చేస్తూ కూర్చుంటారు. పావుకిలో పచ్చి రొయ్యలు కొనుక్కోండి, పూటంతా వస్తాయి. కవళ్ళ ముక్కయినా ఫరవాలేదు. ఇంకో పాయింటుకి పోదాం.

రెండోది: "ఉదయం 6 గంటలకు సముద్రం ఎప్పుడూ పోటు మీద ఉంటుంది, అదే మంచి టైము." సముద్రానికి ఆఫీసు టైమింగ్సు లేవండీ. పోటు రోజుకి సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. ఈ ఆదివారం ఆరింటికి పోటు ఉంటే, వచ్చే ఆదివారం అదే ఆరింటికి దాదాపు పాటు, అంటే నీళ్ళు తగ్గిపోయిన వేళ, ఉంటుంది. ఏ రోజు ఎన్నింటికి పోటో చెప్పే పట్టికలు ఫోన్‌లోనే దొరుకుతాయి. పోటు వస్తున్న రెండు మూడు గంటలు చూసుకుని వెళ్ళండి.

మూడోది: "ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు గాలం పట్టుకుని కనబడినా కేసు పెడతారు." మన తూర్పు తీరంలో ఆ 61 రోజుల నిషేధం మరపడవలకీ, మోటారు పడవలకీ. చేపలు గుడ్లు పెట్టే కాలమని. ఇసుకలో నిలబడి గాలం వేసేవాడి జోలికి అది రాదు. అయితే పోర్టు గోడల దగ్గరకీ, నేవీ వాళ్ళ బోర్డులున్న చోటికీ గాలం పట్టుకుని వెళ్ళకండి. ఆ పని మాత్రం ఏ నెలలోనైనా కుదరదు.

ఇక నాలుగోది. అసలు నేను ఇదంతా రాయడానికి కారణం ఇదే. మెసేజ్‌లో ఉన్నది ఉన్నట్టుగా: "అలలు ఎక్కువ ఉన్నచోట చేపలు ఉండవు. రెండు పక్కలా అలలు విరుగుతూ మధ్యలో నీళ్ళు ప్రశాంతంగా కనిపించే చోటు వెతకండి. అక్కడ నడుము లోతు వరకు దిగి గాలం వేయండి. మీ పిల్లలకు కూడా ఆ చోటే సేఫ్."

పిల్లలకు కూడా.

ఈ ముక్క మొదటిసారి చదివినప్పుడు ఎవరో జోక్ చేశారనుకున్నాను. బంగాళాఖాతం ఒడ్డున మనిషి దిగకూడని చోటు ఒక్కటి చూపించమంటే నేను చూపించేది సరిగ్గా అదే చోటు. ఆ ప్రశాంతం అలలు అలిసిపోయి వచ్చింది కాదు. రెండు పక్కల నీళ్ళ అడుగున ఉండే ఇసుక దిబ్బల మీద అలలు విరిగి, నీరంతా ఒడ్డుకి వచ్చి పోగుపడుతుంది. అది వెనక్కి పోవాలి కదా. ఇసుక దిబ్బకి ఎక్కడ గండి ఉంటే ఆ దారి పట్టుకుని, కాలవలా, లోపలికి లాక్కుంటూ పోతుంది. అక్కడ లోతు ఎక్కువ కాబట్టి అల విరగదు. విరగదు కాబట్టి మనకి స్విమ్మింగ్ పూల్‌లా కనబడుతుంది. దీన్నే రిప్ కరెంట్ అంటారు. ఇది బలంగా ఉన్నప్పుడు ఒలింపిక్ ఈతగాడు కూడా ఎదురీదలేడు. మరి మన ఐటీ కుర్రాడు జీన్స్ ప్యాంటు తడుపుకుని, ఒక చేత్తో రాడ్డు, ఇంకో చేత్తో సెల్ఫీ పట్టుకుని ఏం ఈదుతాడు?

నేనూ పుట్టుకతో తెలుసుకుని రాలేదు. భీమిలి దాటాక ఒకచోట కొత్తలో ఇలాగే, నీళ్ళు నెమ్మదిగా ఉన్నాయి కదా అని ప్యాంటు మడుస్తున్నాను. పక్కన వల బాగుచేసుకుంటున్న పెద్దాయన ఏమీ అనలేదు. లేచి, ఇసుకలో పడున్న రెండు ఎండు కొబ్బరి డొప్పలు ఏరాడు. ఒకటి అల విరిగే చోటికి విసిరాడు, రెండోది నేను దిగబోతున్న నెమ్మది నీళ్ళలోకి. మళ్ళీ కూర్చుని బీడీ వెలిగించుకున్నాడు. మొదటి డొప్ప దొర్లుకుంటూ వచ్చి నా కాళ్ళ దగ్గరే పడింది. రెండోది అల లేదు, అరుపు లేదు, అలా జారుకుంటూ పోయింది. ఆయన బీడీ సగం కాలేసరికి అది నల్లచుక్కంత అయిపోయింది. అప్పుడు అన్నాడు: "సూసినావా బాబూ, అల ఇరగట్లేదంటే అక్కడ లోతున్నట్టు. ఇటేపొచ్చిన నీరంతా ఆ దారినే ఎల్లిపోద్ది. నువ్వూ ఎల్లిపోతావు."

తొమ్మిది గోల్డెన్ టిప్స్ ఒకవైపు, ఆ డొప్ప ఒకవైపు.

ఇంకో సంగతి. నడుము లోతులో నిలబడితే కరెంట్ దాకా కూడా అక్కర్లేదు. వెనక్కి పోయే అల కాళ్ళ కింద ఇసుకని తోడేస్తుంది. మన ఆర్కే బీచ్ లాంటిచోట ఒడ్డు ఒక్కసారిగా దిగిపోతుంది, రెండడుగులు జారితే మెడ లోతు. యారాడలో, రుషికొండలో కొట్టుకుపోయిన కుర్రాళ్ళ వార్తలు ఏటా పేపర్లో చదువుతూనే ఉన్నాం, పేజీ తిప్పుతూనే ఉన్నాం. వాళ్ళలో చాలామంది మీలాగే శని, ఆదివారాలకి వచ్చినవాళ్ళే.

ఒకవేళ ఎవరైనా చిక్కుకుంటే ఒడ్డు వైపు ఎదురీదకూడదు. ఓపికంతా అక్కడే అయిపోతుంది. వెల్లకిలా తేలుతూ, చెయ్యెత్తి పిలుస్తూ, కుదిరితే ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈది, అలలు విరిగే చోటికి చేరితే ఆ అలలే ఒడ్డు వైపు తోస్తాయి. ఒడ్డున ఉన్నవాళ్ళు వెంటనే దూకేయకండి. ఒకరి కోసం దిగి ఇద్దరు పోయిన సందర్భాలున్నాయి. మూత బిగించిన ఖాళీ నీళ్ళ క్యాను విసరండి, జాలర్లని కేకేయండి, 112కి ఫోన్ చేయండి.

ఇప్పుడు ఒక మాట ఒప్పుకోవాలి. ఒప్పుకోవడం నాకు ఇష్టం లేదు గానీ నిజం నిజమే. ఆ చోట చేపలుంటాయి. అలలు తవ్వి లాక్కొచ్చిన పురుగూ పుట్రా, చిన్న రొయ్యలూ అన్నీ ఆ కాలవలోంచే పోతాయి. చేపలు అంచున కాపు కాస్తాయి. నేను పట్టిన గొరకల్లో మంచివన్నీ అలాంటి కాలవల పక్కన పడ్డవే. అంటే మెసేజ్ రాసినాయనకి చేపల సంగతి సగం తెలుసు, మనుషుల సంగతే తెలీదు. పొడి ఇసుక మీద నిలబడి, కాలవ అంచులోకి సీసం గుండు విసరండి. ఇరవై, ముప్ఫై మీటర్లు చాలు. కాలు తడవక్కర్లేదు. తడిస్తే అది మీ తప్పే.

హైదరాబాద్ స్నేహితులకి ఇంకొకటి. సముద్రంలో పెద్ద అలలు ఎప్పుడొస్తాయో ముందుగా హెచ్చరించే సంస్థ ఇన్‌కాయిస్. అది ఎక్కడో సముద్రం ఒడ్డున లేదు, మీ ప్రగతినగర్‌లోనే ఉంది. ఎక్కడో దక్షిణ హిందూ మహాసముద్రంలో తుఫాను రేగితే, ఇక్కడ గాలి కూడా లేని రోజున పెద్ద అలలు ఒడ్డుకి వచ్చి పడతాయి. అలాంటివి కూడా ముందే చెబుతారు. బయల్దేరే ముందు ఒకసారి చూసుకోండి. రాళ్ళ మీద ఎక్కి గాలం వేసేవాళ్ళయితే రెండుసార్లు చూసుకోండి. నాచు పట్టిన రాయి మీద హవాయి చెప్పులతో ఎక్కేవాళ్ళకి మాత్రం ఏ సంస్థా సాయం చేయలేదు.

అయిదు, ఆరు పాయింట్లు కలిపి చూడాలి. విడివిడిగా చూస్తే తప్పులు, కలిపి చూస్తే కళాఖండం. అయిదోది: "సముద్రం చేపల్లో విషం ఉండదు, ఒకవేళ ఉన్నా ఉప్పు, నిమ్మరసం పట్టించి బాగా వేపితే పోతుంది." ఆరోది: "జెల్ల ముల్లు గుచ్చుకుంటే వెంటనే ఐసు పెట్టండి."

ఒడ్డున గాలం వేసేవాళ్ళకి పఫర్ చేప తప్పకుండా తగులుతుంది. చేతిలోకి తీసుకోగానే పొట్ట ఉబ్బించి బంతిలా అవుతుంది. పొట్ట తడిమితే గరుకు కాయితంలా ఉంటుంది. మూతి ముందు చిలక ముక్కులా అతుక్కున్న పళ్ళు, తంగూసుని కత్తిరించినట్టు కొరికేస్తాయి. చూడ్డానికి ముద్దుగా ఉంటుంది, పిల్లలు ఫొటోలు దిగుతారు. దాని కాలేయంలో, గుడ్లలో, చాలా రకాలకి చర్మంలో కూడా టెట్రోడోటాక్సిన్ అనే విషం ఉంటుంది. ఉడికించినా, వేపినా, నిమ్మకాయలు బస్తాడు పిండినా పోదు. దానికి విరుగుడు మందు లేదు. ముందు పెదాలు, నాలుక తిమ్మిరెక్కుతాయి, తర్వాత ఒళ్ళు పడిపోతుంది, చివరికి ఊపిరి ఆడదు. అప్పుడు ఆసుపత్రిలో వెంటిలేటర్ మీద పెట్టి, విషం దిగేదాకా ఊపిరి ఆడించడం తప్ప డాక్టర్లు చేయగలిగింది పెద్దగా లేదు. మా ఒడ్డున జాలర్లు దాన్ని కుక్కలకి కూడా వేయరు.

జెల్ల సంగతి దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది. వీపు మీద ఒకటి, చెంపల పక్కన ఒక్కొక్కటి, మూడు ముళ్ళు. గాలం తీసేటప్పుడు కొత్తవాళ్ళకి గుచ్చుకోవడం ఖాయం. ఆ నొప్పి మోచేతి దాకా పాకుతుంది. ఆ విషం మాత్రం వేడికి చెడిపోతుంది. ఒళ్ళు ఓర్చుకోగలిగినంత వేడి నీళ్ళలో, అంటే 45 డిగ్రీలు మించకుండా, అరగంట నుంచి గంటన్నర వరకు చెయ్యి ముంచి ఉంచితే నొప్పి దిగుతుంది. నీళ్ళ వేడి ముందు రెండో చేత్తో చూసుకోండి. తర్వాత డాక్టర్ దగ్గరికి వెళ్ళి లోపల ముల్లు ముక్క మిగిలిందేమో చూపించుకోవాలి, టీటీ ఇంజెక్షన్ సంగతి అడగాలి. టేకు చేప (స్టింగ్ రే) తోక ముల్లుకీ ఇదే వైద్యం.

అంటే ఏమైంది? వేడి పనికొచ్చే చోట ఐసు పెట్టమన్నాడు, వేడి పనికిరాని చోట వేపుకు తినమన్నాడు. ఇంత కచ్చితంగా తలకిందులు రాయాలంటే రెండూ తెలిసుండాలి. లేకపోతే ఇంత గురి కుదరదు!

ఏడోది: "వేల రూపాయల రాడ్డు, రీలు అక్కర్లేదు, తంగూసు, గాలాలు, సీసం గుండు ఉంటే చాలు." కరెక్ట్. ఒక్క అక్షరం మార్చక్కర్లేదు. జాలరిపేట పిల్లలు ఖాళీ వాటర్ బాటిల్‌కి తంగూసు చుట్టుకుని వచ్చి, పదివేల రాడ్డు పట్టుకున్న నా పక్కనే నిలబడి నాకంటే ఎక్కువ పట్టుకుపోతారు. ఈ విషయం మా ఇంట్లో తెలీదు.

ఎనిమిదోది: "చిక్కుపడిన తంగూసుని కోసి అక్కడే వదిలేయండి, సముద్రం మింగేస్తుంది." సముద్రం మింగదు, తాబేళ్ళకి చుట్టుకుంటుంది. చలికాలం చివర్లో ఆలివ్ రిడ్లేలు గుడ్లు పెట్టడానికి ఈ ఇసుకలోకే వస్తాయి. చుట్టగా చుట్టి జేబులో పెట్టుకోండి, బరువేం కాదు. ఆ పక్కనే అలివి వల లాగుతున్నవాళ్ళుంటే వాళ్ళ తాడు మీదుగా గాలం విసరకండి. అది వాళ్ళ పొట్టకూడు, మీకు టైంపాస్.

తొమ్మిదోది: "ఈ టిప్స్ పాటిస్తే మొదటి రోజే తక్కువలో తక్కువ అయిదు కిలోలు గ్యారంటీ." నా మొదటి రోజు లెక్క నాకు బాగా గుర్తుంది. ఒక పఫర్, వేలెడంత జెల్ల ఒకటి, ఎవరో వదిలేసిన పాత తంగూసు చుట్ట ఒకటి. ఇంటికెళ్ళేటప్పుడు రేవులో రెండు కిలోల పార చేపలు కొన్నాను. అవి నేనే పట్టానని మా ఆవిడకి చెప్పాను. పొలుసు ఒలిచి మరీ పడ్డాయా అని అడిగింది.

మా బావమరిది ఈ శనివారం పిల్లల్ని తీసుకుని వస్తున్నాడు. రొయ్యలు, తంగూసు నేను చూసుకుంటానన్నాను. నువ్వు మాత్రం పెద్ద ఫ్లాస్కు నిండా వేడినీళ్ళు తీసుకురా అన్నాను. "ఒడ్డున టీ పెట్టుకోడానికా బావా?" అని సంబరపడ్డాడు.

జెల్లకి అన్నాను.