గోషాలో మగవాళ్లు

హైదరాబాద్ నడిబొడ్డున, బేగంబజార్‌కు కూతవేటు దూరంలో గోషామహల్ బారాదరి ఉంది. గోల్కొండను చివరగా ఏలిన తానీషా కట్టించింది. అవును, మన రామదాసును చెరసాలలో పెట్టించినాయనే. గోషా అంటే రాణివాసం పరాయి మగాడి కంట పడకుండా ఉండటం. విశాఖలో ఆడవాళ్ల ఆసుపత్రి గోషాసుపత్రి అయ్యిందీ అందుకే. కాకపోతే 1872 నుంచి ఈ మహల్లో గోషా పాటిస్తున్నది మగవాళ్లు, ఫ్రీమేసన్లనే గుట్టు సంఘం వాళ్లు. ఆడవాళ్లకు సభ్యత్వం లేదు.

మేసన్ అంటే తాపీమేస్త్రీ. వీళ్ల గుర్తు మూలమట్టం, వృత్తలేఖిని. నడుముకు ఏప్రన్ కూడా కడతారు. ఇన్ని పనిముట్లుండీ నూటయాభై ఏళ్లుగా ఇంకొకరు కట్టిన ఇంట్లో కూర్చుంటున్నారు. తప్పు పట్టను, మా ఊరి మేస్త్రీకీ సొంతిల్లు లేదు. నాకు అంతుబట్టనిది వేరే: బారాదరి అంటే పన్నెండు ద్వారాలది. గుట్టు దాచుకోవడానికి వెతికి వెతికి పన్నెండు గుమ్మాల ఇల్లే దొరికిందా?

ఆ గుట్టు కూడా ఎప్పుడో రట్టయింది. 1730లోనే లండన్‌లో ఒక మాజీ సభ్యుడు తంతు మొత్తం అచ్చేయించాడు. కొత్తగా చేరేవాడి కళ్లకు గంతలు కట్టి, మెడకు పలుపుతాడు తగిలించి, ఎడమ మోకాలు కనబడేలా ప్యాంటు మడతపెట్టి లోపలికి నడిపిస్తారు. మన పెళ్లిళ్లలో ఇంతకన్నా ఎక్కువే చేస్తాం, ఫొటోలు కూడా తీయించుకుంటాం.

అసలు వింత అక్కడ లేదు. లోపల మతం, రాజకీయం మాట్లాడకూడదని నియమం. గోషామహల్ నియోజకవర్గం పేరు విన్నవాళ్లకు దీని విలువ వేరే చెప్పక్కర్లేదు. పదిమంది తెలుగువాళ్లు ఒక గదిలో చేరి ఆ రెండూ ఎత్తకుండా లేచి వెళ్లారంటే, దేశంలో చాలా ఊళ్లలో మేసన్ల భవనాన్ని జాదూఘర్, అంటే మాయల ఇల్లు, అన్నారంటే అనరూ మరి!

ఈ మహల్ కింద గోల్కొండ దాకా సొరంగం ఉందనీ చెప్పుకుంటారు. ఉంటే 1687లో ఔరంగజేబు కోటలోకి వచ్చిపడ్డ రోజున తానీషా అందులోంచే జారుకునేవాడు కదా. పాపం, దౌలతాబాద్ కోటలో బందీగా పోయాడు.

ఆయనే ఇప్పుడు లేచొచ్చాడనుకోండి. తలుపు బయట దూసిన కత్తితో కాపలా మనిషిని చూసి, రాణివాసం పద్ధతి తప్పలేదని మురిసిపోతాడు. లోపలికి అడుగేయబోతే ఆ మనిషి ఆపి, సంకేతపదం చెప్పమంటాడు. తెలియదంటే, చేరాలనుంటే పైజామా ఎడమకాలు మోకాలిదాకా మడవమంటాడు.