బుష్ గారూ, మా పొట్ట కొట్టి వెళ్తున్నారు

2009 జనవరి 20న అమెరికా అధ్యక్షుడు జార్జ్ డబ్ల్యూ. బుష్ గారు వైట్ హౌస్ ఖాళీ చేసి టెక్సాస్ వెళ్ళిపోతున్న రోజుల మాట ఇది, వీడ్కోలు వ్యాసం రాద్దామని కూర్చుంటే కలం కదలట్లేదు. ఎనిమిదేళ్ళుగా ఆయన్ని తిట్టుకుంటూ నాలుగు మెతుకులు తింటున్న నాలాంటివాళ్ళకి ఆయన చేసిన ద్రోహం ఇంతా అంతా కాదండీ. ఇరాక్ యుద్ధం ఉంది, అక్కడ దొరకని ఆయుధాలున్నాయి, గ్వాంటనామో జైలుంది, కత్రినా తుఫానుంది, మొన్న 2008 డిసెంబర్ 14న బాగ్దాద్ లో ఓ విలేకరి విసిరిన బూట్లు కూడా పడ్డాయి (పదో నంబరు బూటని ఆయనే చెప్పారు, నిఘా వర్గాల్ని అడక్కుండా చెప్పిన లెక్క కాబట్టి నమ్మొచ్చు). ఇంత నిండుగా వడ్డించిన విస్తట్లో పంటికింద రాయిలా ఆఫ్రికాకి ఆయన చేసిన మంచి తగులుతోంది.

అసలు తప్పు మాదే. 2003 జనవరి 28న అమెరికా కాంగ్రెస్ ముందు చేసిన ఒకే ప్రసంగంలో ఆయన ఆఫ్రికా పేరు రెండు పనులకి వాడారు, ఇరాక్ సద్దాం అణుబాంబులకని అక్కడ యురేనియం కోసం ప్రయత్నించాడని ఒకటి, అక్కడ ఎయిడ్స్ తో చచ్చిపోతున్నవాళ్ళని కాపాడదామని ఇంకోటి. మొదటి మాట ప్రసంగంలో ఉండాల్సింది కాదని ఆర్నెల్లు తిరక్కుండానే వైట్ హౌస్ వాళ్ళే ఒప్పుకున్నారు. ఇంకేముంది, రెండోది కూడా అదే బాపతని మేం నిశ్చింతగా ముసుగుతన్ని పడుకున్నాం. లేచి చూస్తే ఏముంది, ఐదేళ్ళకి 1500 కోట్ల డాలర్లన్నది నిజంగానే ఇచ్చేసి కూర్చున్నారు! మొదలుపెట్టినప్పుడు సహారా ఎడారికి దిగువనున్న ఆఫ్రికా దేశాలన్నిట్లో కలిపి మందు అందుతున్నవాళ్ళు ఓ 50 వేల మంది, 2008 చివరికి ఈ డబ్బుతో మందు మింగుతున్నవాళ్ళు 20 లక్షలు దాటారు. 2008 జులైలో ఇంకో 4800 కోట్ల డాలర్లకి సంతకం పెట్టారు, మలేరియా, టీబీ కూడా కలిపి. ఇచ్చిన మాట నిలబెట్టుకునే దురలవాటు ఈయనకి ఎక్కడ అంటిందో.

సరే, తవ్వితే ఏదో ఒకటి దొరక్కపోదు కదా, దొరికింది. రోగం రాకుండా ఆపడానికిచ్చే డబ్బులో మూడో వంతు "పెళ్ళయ్యేదాకా ఆగండర్రా" అనే ప్రవచనాలకే పెట్టాలని చట్టంలోనే రాశారు, మొగుడి దగ్గర్నుంచి అంటించుకున్న ఇల్లాలికి ఈ ప్రవచనం ఎలా పనిచేస్తుందో మాత్రం రాయలేదు. ఇంకోటి, హెచ్ఐవీ ఉన్నవాళ్ళు అమెరికాలో అడుగు పెట్టకూడదన్న రూలుండేది. మందులు మీ ఇంటికే పంపిస్తాం, మీరు మాత్రం మా గుమ్మం తొక్కకండి అన్నమాట, అతిథి మర్యాదల్లో ఇదో కొత్త రకం. ఈ రెండూ కూడా ఆ 2008 జులై చట్టంలోనే సడలించి నా నోట్లో మట్టి కొట్టారు, దేశంలోకి రానివ్వకూడని రోగాలంటూ అక్కడి ఆరోగ్య శాఖ పెట్టుకున్న జాబితాలో హెచ్ఐవీ పేరు 2009 జనవరి నాటికి ఇంకా కొట్టెయ్యలేదు కాబట్టి దాన్నే పట్టుకుని వేలాడుతున్నా.

మందుల సంగతి ఇంకా బాగుంటుంది. చవక మందులు చేసేది మనవాళ్ళు, 2001లోనే సిప్లా మందుల కంపెనీ హమీద్ గారు రోగికి ఏడాదికి 350 డాలర్లకే ఇస్తానన్నారు. అయినా బుష్ గారి మనుషులు ప్రపంచ ఆరోగ్య సంస్థ ముద్ర చాలదు, మా దేశంలో మందులు తనిఖీ చేసే ఎఫ్‌డీఏ ముద్ర పడాల్సిందే అని కొన్నాళ్ళు బెట్టు చేసి, 2005 నుంచి మెల్లిగా దారికొచ్చారు, అలా మన హైదరాబాద్ అరబిందో కంపెనీ మాత్రలు కూడా ఆ లిస్టులో చేరాయి. 2006 మార్చిలో ఆయన హైదరాబాద్ వచ్చినప్పుడు మనం నల్లజెండాలు పట్టుకున్నాం, ఆ పక్కనే ఫ్యాక్టరీల్లో ఆయన పద్దు కింద మాత్రలు తయారవుతున్నాయని ఎవరూ చెప్పలేదు, చెప్పినా జెండా దించేవాళ్ళం కాదనుకోండి.

2008 ఫిబ్రవరిలో ఆఫ్రికాలోని టాంజానియా వెళ్తే అక్కడి ఆడవాళ్ళు ఈయన బొమ్మ అచ్చేసిన బట్టలు కట్టుకుని ఎదురొచ్చారు. సొంతూళ్ళో నూటికి పాతిక మంది మెచ్చుకోవడమే గగనమైపోయిన మనిషికి చీరంచు మీద చోటు! అక్కడి పసిపిల్లలకి 52 లక్షల దోమతెరలు పంచుతామని ప్రకటించి మరీ వచ్చారు. 2007లో మలేరియా దినం నాడు వైట్ హౌస్ తోటలో డాన్స్ కూడా చేశారు, ఆ డాన్స్ ఒక్కటే ఈ మొత్తం వ్యవహారంలో ఏ షరతూ లేకుండా తిట్టదగ్గది.

ఆ బాగ్దాద్ విలేకరి అదృష్టవంతుడు, రెండు బూట్లూ విసిరేసి చేతులు దులుపుకున్నాడు. నేను ఇరాక్ పేరు చెప్పి ఒకటి విసిరేశా, రెండోది ఎత్తి పట్టుకుని అలాగే నించున్నా, చెయ్యి లాగేస్తోంది, ఒంటి బూటుతో ఇంటికెళ్తే మా ఆవిడ ఏమంటుందో.