గడ్డపార దిగని నేలకు ‘పునరుద్ధరణ’ ముద్రా?

గోదావరిఖని, మణుగూరు, సత్తుపల్లి, భూపాలపల్లి వైపు తిరిగేవాళ్లకు ఓబీ (ఓవర్‌బర్డెన్, అంటే బొగ్గు మీదున్న మట్టి, రాయి) గుట్టలంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. సింగరేణి ఓపెన్ కాస్టుల్లో, అంటే పైనుంచి తవ్వే గనుల్లో, టన్ను బొగ్గు తీయడానికి సుమారు ఐదారు క్యూబిక్ మీటర్ల మట్టి, రాయి తవ్వి పోస్తున్నారు. ఆ మట్టే గుట్టలైంది, బొగ్గు తీసిన చోట గుంత మిగిలింది. వాటిని మళ్లీ నేలగా మార్చే పని ఎలా సాగుతోందో చూడడానికి తనిఖీలు ఉన్నాయి. ఆ తనిఖీల్లో అసలు చూడాల్సింది చూడడం లేదు. చూడాల్సిన మనిషిని లోపలికి పిలవడం లేదు.

నిబంధనలు తక్కువేమీ లేవు. పర్యావరణ అనుమతి ఉన్న ప్రతి గనీ ఏటా జూన్ 1న, డిసెంబర్ 1న షరతుల అమలు నివేదిక ఇవ్వాలి. రాసేది కంపెనీయే, అదీ ఇంగ్లీషులో. 2009 నుంచి గని మూసివేత ప్రణాళిక, దానికి ఎస్క్రో ఖాతాలో (కంపెనీ తనంతట తాను తీసుకోలేని పూచీ ఖాతాలో) డబ్బు తప్పనిసరి. 2020 మార్గదర్శకాలు ఓపెన్ కాస్టుకు హెక్టారుకు 9 లక్షల రూపాయలని లెక్క కట్టాయి. ఐదేళ్లకోసారి పని చూసి అందులో కొంత వెనక్కి ఇస్తారు. కోల్ ఇండియా పెద్ద గనులనైతే ఏటా ఉపగ్రహ చిత్రాలతోనూ పరిశీలిస్తున్నారు.

ఉపగ్రహానికి పచ్చదనం కనిపిస్తుంది. ఆ పచ్చదనం కింద ఏముందో కనిపించదు. గుట్ట మీద నీలగిరి, సుబాబుల్ నాటితే నాలుగేళ్లలో పైనుంచి అడవిలాగే ఉంటుంది. గోదావరి లోయలో బొగ్గు మీద ఉన్నది ఎక్కువగా ఇసుకరాయి. దాన్ని పేల్చి, డంపర్లతో తెచ్చి పోసి, బుల్డోజర్లతో చదును చేస్తే గట్టిపడిపోతుంది. వాన పడితే నీళ్లు లోపలికి ఇంకవు, గుట్ట పక్కల్ని కోసుకుంటూ చెరువుల్లోకి, చేలల్లోకి దిగుతాయి.

అసలు ప్రాణమంతా పైమట్టిలో ఉంది. మన చెలకల్లో ఆ పొర జానెడో మూరెడో ఉంటుంది. తరతరాలుగా పెంట తోలి, దున్ని, పశువులను మంద పెట్టి తయారు చేసుకున్న మట్టి అది. దాన్ని విడిగా తీసి, విడిగా పోసి, వెంటవెంటనే చదును చేసిన చోట పరచాలని అనుమతి పత్రాల్లోనే ఉంటుంది. ఏళ్ల తరబడి కుప్పగా వదిలేస్తే లోపల గాలి ఆడక వానపాములు చస్తాయి, విత్తనాలు మురిగిపోతాయి. రాయితో కలిపి పోశారా, ఇక అది పోయినట్టే. అందుకే తనిఖీకి వచ్చినవాళ్లు మొక్కలు లెక్కపెట్టడం ఆపి, గడ్డపారతో రెండడుగులు తవ్వి చూడాలి. పైమట్టి ఎంత మందం ఉంది? చెంబెడు నీళ్లు పోస్తే ఎంతసేపట్లో ఇంకాయి? అక్కడ మొలిచిన గడ్డిని బర్రె తింటోందా? వానలు పడ్డాక ఆగస్టులో వస్తే ఏ గుట్టయినా పచ్చగానే ఉంటుంది. మే నెలలో రావాలి.

ఈ గడ్డి మాట నేను కొత్తగా అంటున్నది కాదు. 2020 జనవరి 8న సుప్రీంకోర్టు గనుల లీజుల్లో ఒక షరతు పెట్టమని కేంద్రానికి చెప్పింది. తవ్వకం ముగిశాక గడ్డి పెంచి, నేలను మేతకూ చెట్లకూ జీవాలకూ పనికొచ్చేలా చేయాలన్నది దాని సారం. మేత మొలిచిందో లేదో ఏ సాఫ్ట్‌వేరూ అక్కర్లేకుండా గొర్ల కాపరి చెప్పగలడు.

వందల అడుగుల లోతు తవ్వాక పాత పొలం మళ్లీ ఎక్కడి నుంచి వస్తుందని కంపెనీ వైపు వాళ్లు అడుగుతారు. న్యాయమే. మొదట తీసిన మట్టి బయట పోయక తప్పదు, చివర గుంత మిగలకా తప్పదు. రామగుండం దగ్గరి మేడిపల్లి ఓపెన్ కాస్టు గుంతలో పంప్డ్ స్టోరేజీ (నీళ్లు పైకి ఎత్తిపోసి, కిందికి వదిలి కరెంటు తీసే) విద్యుత్ కేంద్రం ప్రతిపాదన నాకూ నచ్చింది. కానీ గుంతకు కరెంటు ఉపయోగం దొరికితే, గుట్టల మీద, పూడ్చిన చోట పని సరిగ్గా చేశారన్న లెక్క ఎలా అవుతుంది?

బొగ్గు తవ్విన నేలను బాగుచేయడంపై అమెరికా 1977లోనే చట్టం చేసింది. అక్కడ కంపెనీ పూచీగా కట్టిన బాండు విడుదల చేసే ముందు జరిగే తనిఖీకి భూమి యజమానిని పిలవాలి, పత్రికలో ప్రకటన వేయాలి. నాటిన పచ్చదనం నిలబడిందని ఐదేళ్లు, వాన తక్కువ చోట పదేళ్లు చూడాలి. అక్కడ భూమికి ఇంకా యజమాని ఉంటాడు. మన దగ్గర రైతు సంతకం పెట్టిన రోజే ఆ భూమికి పరాయివాడైపోతాడు.

నన్ను ఎక్కువ కలచివేసేది ఇదే. బొగ్గు అయిపోయాక భూమిని పాత రైతుకు తిరిగివ్వాలన్న నిబంధన మన చట్టాల్లో లేదు. బొగ్గు భూముల చట్టం కింద సేకరించి, తవ్వకం అయిపోయిన నేలను సోలార్ ప్లాంట్లకు, వాషరీలకు (బొగ్గు కడిగే కేంద్రాలకు) లీజుకు ఇవ్వొచ్చని 2022 ఏప్రిల్‌లో కేంద్ర మంత్రివర్గం దారి తెరిచింది. యాజమాన్యం మాత్రం కంపెనీదే. పట్టా పోగొట్టుకున్న కుటుంబానికి కనీసం మేతకైనా, ఉమ్మడి సాగుకైనా ఆ లీజు ఎందుకు దక్కకూడదు? తిరిగి వస్తుందని తెలిస్తే ఊరే రోజూ తనిఖీ చేస్తుంది. పైమట్టి ఏ డంపరు ఎటు తీసుకెళ్తోందో ఇంటింటికీ లెక్క ఉంటుంది.

తెలంగాణ ఉద్యమంలో ఓపెన్ కాస్టును బొందలగడ్డ, అంటే శ్మశానం, అన్నాం. ఇప్పుడు సింగరేణిలో 51 శాతం వాటా మన రాష్ట్ర ప్రభుత్వానిదే. తనిఖీ బృందంలో నిర్వాసిత గ్రామాల నుంచి ముగ్గురు రైతులను, ఒక గొర్ల కాపరిని చేర్చడానికి, నివేదికను తెలుగులో గ్రామసభలో చదవడానికి ఢిల్లీ అనుమతి అక్కర్లేదు. బోర్డు తీర్మానం చాలు. ముందు మేడిపల్లితో మొదలుపెట్టండి, వచ్చే మే నెలలోనే.